ట్యూబ్‌లెస్ పంచర్‌కి స్ట్రిప్పా, ప్యాచా?

టైరులో మేకు దిగితే మన చేతులతో అయ్యేది స్ట్రిప్, అంటే రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ వేయడం. మేకు పీకి, గరుకు సూదితో రంధ్రాన్ని రాకి, జిగురు రాసిన స్ట్రిప్‌ను ఇంకో సూదికి ఎక్కించి లోపలికి గుచ్చి, ఒక్క ఊపున సూదిని లాగేయాలి. కొసలు కోసి సబ్బునీళ్లు పోస్తే బుడగలు రాకూడదు. చక్రం విప్పక్కర్లేదు. మొదటిసారి సూది దిగక నాకు చెమటలు పట్టాయి. మేకు ఏ వాలులో దిగిందో అదే వాలులో తొయ్యాలని అప్పుడు తెలియదు మరి!

ప్యాచ్ అంటే టైరు లోపలి వైపు అంటించే రబ్బరు ముక్క. దానికి టైరును రిమ్ము నుంచి ఊడదీయాలి, తర్వాత వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం) చేయించాలి. అంటే షాపుకి వెళ్లాల్సిందే. కానీ టైరు లోపలి భాగం కనిపించేది అప్పుడే. గాలి లేకుండా కాస్త దూరం నడిపిన టైరు పైకి బాగానే ఉంటుంది, లోపల మాత్రం పక్కగోడ నలిగి రబ్బరు పొడి రాలుతుంటుంది. స్ట్రిప్ వేసేవాడికి అది తెలిసే దారి లేదు.

అయితే ఒట్టి ప్యాచ్ గాలినే ఆపుతుంది. రంధ్రం బయటికి తెరిచే ఉండి, వాన నీరు దిగి లోపలి ఉక్కు తీగలు తుప్పు పడతాయి. కాడ ఉన్న మష్రూమ్ ప్యాచ్ రెండు పనులూ చేస్తుంది: ప్యాచ్ గాలిని ఆపుతుంది, కాడ రంధ్రాన్ని పూడుస్తుంది.

నేనైతే ఇల్లు చేరడానికి స్ట్రిప్ వేస్తాను, హైవే ప్రయాణం ఉంటే మష్రూమ్ వేయిస్తాను. రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటినా, పక్కగోడలో పడినా రెండూ వద్దు, టైరు మార్చడమే.