పాదువాపురి పునీత అంతోనివారి పాత పాలరాతి విగ్రహం: కొన్న తరువాత గమనించినవి

పాత కళాఖండాలు అమ్మే ఒక దుకాణంలో నేను కొన్న ఈ విగ్రహం, 1231లో కన్నుమూసి, ఏడాది తిరగకుండానే 1232లో పునీతులుగా ప్రకటితులైన పాదువాపురి అంతోనివారిది. ఎడమచేతి గ్రంథంపై బాలయేసు, కుడిచేతిలో లిల్లీ కొమ్మ, నడుముకు ఫ్రాన్సిస్కన్ సభ అనే కతోలిక సన్యాసుల సంఘంవారి తాడు ఉండడంతో పోలికలో సందేహానికి తావులేదు. శిల్పి పనితనమంతా ఆ తాడులోనే ఉంది: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే వ్రతాలకు గుర్తైన మూడు ముడులలో పురి తిరిగిన పోగులు విడివిడిగా కనిపిస్తాయి. అంగీ మడతల లోతుల్లో బరమాతో తొలిచిన గుంటలను నునుపు చేయకుండా వదిలేశారు. నాకైతే అవే ఎక్కువ నచ్చాయి. బాలయేసు ముఖం మాత్రం సాదాసీదాగా ఉంది.

ఏకశిల అని చెప్పి అమ్మారు గాని, అతినీలలోహిత దీపం కింద చూస్తే లిల్లీ కాడ మొదట్లో జిగురు గీత వేరే రంగులో స్పష్టంగా బయటపడింది. ఇంత పాత శిల్పానికి అతుకు ఉండడం వింత కాదు, అయితే ఆ మాట ముందే చెప్పవలసింది. అడిగిన మీదట కొంత సొమ్ము తిరిగి ఇచ్చారు. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బనేటు కనుక నిమ్మరసం, వెనిగరు తగిలితే మెరుపు పోతుంది. నేను మెత్తని కుంచెతో దుమ్ము దులిపి ఊరుకుంటున్నాను.