కొలాబా నుంచి అలీబాగ్ దాకా: ముంబయి యూదుల మందిరాలు

ముంబయిలో యూదుల మందిరాలు చూడాలనుకునేవారు టికెట్ కంటే ముందు వారం చూసుకోవాలి. శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం చీకటి పడేదాకా వారికి సబ్బాతు, అంటే పనులు మానే విరామ దినం. ఆ సమయంలో యాత్రికులుగా వెళితే గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అందుకే మేము ఆదివారం తెల్లవారకముందే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ దిగేలా వెళ్లాం.

కొలాబాలో గది తీసుకున్నాం. అద్దె వింటే గుండె జారుతుంది, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అయినా దక్షిణ ముంబయిలో ఆటోలు తిరగవు కాబట్టి కొన్ని చోట్లయినా నడక దూరంలో ఉండటం కలిసొచ్చింది. పొదుపు చూసుకునేవారికి బైకుల్లా మేలు, లోకల్ రైలు చేతిలో ఉన్నట్టే.

యూదుల కేంద్రమైన నారిమన్ హౌస్ కొలాబాలోనే సందులోపల ఉంది. 2008 నవంబరు ఉగ్రవాదుల దాడిలో ఇక్కడ యూదు గురువు గావ్రియెల్ హోల్ట్స్‌బర్గ్, ఆయన భార్య రివ్కాతో కలిపి ఆరుగురు చనిపోయారు. వారి కొడుకు, రెండేళ్ల మోషేను ఆయా సాండ్రా శామ్యూల్ ఎత్తుకుని బయటపడింది. 2014లో ఈ ఇల్లు మళ్లీ తలుపులు తెరిచింది. పై అంతస్తుల్లో తూటా గుర్తులను పూడ్చకుండా వదిలేశారు. కింద మాత్రం ప్రార్థనలు, పండుగలు, బాటసారులకు కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం వండిన) భోజనం యథావిధిగా సాగుతున్నాయి. నన్ను ఎక్కువగా కదిలించింది ఈ కింది అంతస్తే. ముందుగా అనుమతి తీసుకుని, గుర్తింపు కార్డుతో వెళ్లండి. తనిఖీ గట్టిగానే ఉంటుంది, విసుక్కోవలసిన పని లేదు.

ఫోర్ట్‌లోని కెనెసెత్ ఎలియాహూ మందిరం 1884 నాటిది. బాగ్దాదులో పాలకుడి వేధింపులు భరించలేక బయటపడి, 1830లలో బొంబాయి చేరిన డేవిడ్ ససూన్ వంశీకులే దీన్ని కట్టించారు. రంగుటద్దాలు, మెరిసే స్తంభాలు... 2019లో మరమ్మతులు ముగిశాక కొత్త కళ వచ్చింది. అందరూ ఫొటోలు తీసుకునేది ఇక్కడే. అందంలో దీనికే మొదటి మార్కు. బైకుల్లాలో డేవిడ్ ససూన్ కట్టించిన మాగెన్ డేవిడ్ మందిరం (1864) గడియారపు గోపురంతో దర్జాగా ఉంటుంది. ఆ ఆవరణలోని బడుల్లో ఇప్పుడు చదివేది దాదాపు అందరూ ముస్లిం పిల్లలే.

నా ఓటు మాత్రం మస్జిద్ బందర్ దగ్గరి శాముయేల్ వీధికి. తోపుడుబళ్లు, బస్తాలు, హమాలీల కేకల మధ్య గేటు కనిపెట్టడమే ఒక పరీక్ష, ట్యాక్సీ అసలు ఎక్కకండి. 'షార్ హరహమీమ్', అంటే దయాద్వారం, నగరంలోకెల్లా పాత సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం), 1796లో కట్టారు. కట్టించిన శాముయేల్ దివేకర్ కంపెనీ సైన్యంలో పనిచేసిన యూదుడు, ఈ తీరంలో తరతరాలుగా ఉన్న బెనె ఇజ్రాయెల్ అనే యూదు వర్గం వాడు. టిప్పు చెరలో చావుకు సిద్ధంగా ఉన్నప్పుడు, ఇతడు ఇజ్రాయెల్ సంతతివాడని తెలిసి టిప్పు తల్లి విడిపించిందని వారు చెప్పుకునే కథ. ప్రాణం దక్కినందుకు మొక్కు తీర్చుకున్నట్టుగా ఈ గుడి. లోపల వేలాడే గాజు దీపాలు, నడుమ చెక్క వేదిక, పడమటి గోడకు యూదుల ధర్మగ్రంథమైన తోరా చుట్టలుంచే బీరువా. ఆడంబరం లేదు. మగవారు తల కప్పుకోవాలి, జేబురుమాలు చాలు. ఒక మూల బల్ల మీద కూర్చుంటే వీధి గోల ఎటు పోయిందో తెలియలేదు.

వీలుంటే ఇంకో రోజు అలీబాగ్‌కు కేటాయించండి. గేట్‌వే నుంచి మాండ్వాకు పడవ, అక్కడి నుంచి బస్సు ఆ టికెట్‌లోనే వస్తుంది. వానాకాలంలో ఈ పడవలు ఆపేస్తారు. ఓడ పగిలి ఈ తీరానికి కొట్టుకొచ్చామని చెప్పే బెనె ఇజ్రాయెల్ వారు తరతరాలుగా గానుగలాడించి బతికారు. హీబ్రూ గ్రంథాలు చేజారినా దేవుడు ఒక్కడేనని చెప్పే 'షెమా' ప్రార్థననూ శనివారపు విరామాన్నీ వదల్లేదు. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊరివాళ్లు వారిని 'శనివార్ తేలీ', అంటే శనివారపు గానుగవాళ్లు, అని పిలిచారు. దగ్గర్లోని ఖండాలా ఊళ్లో ఏలీయా ప్రవక్త రథపు చక్రాల గుర్తులని వారు నమ్మే బండ ఉంది. మొక్కులున్నవారు అక్కడ మలీదా పంచుతారు: తీపి అటుకులు, కొబ్బరి కోరు, పళ్లు. మన పీర్ల పండుగ మలీద రుచి ఊహించుకుని వెళ్లకండి. బండ దగ్గర దుకాణాలేవీ కనిపించలేదు, మంచినీళ్లు అలీబాగ్‌లోనే కొనుక్కోవాలి. ఆటో అతనితో రానుపోను బేరం ముందే తేల్చుకోండి, తిరుగు బండి అక్కడ దొరకదు.