కోడిపిల్లలకు ప్రోబయోటిక్: నాలుగేళ్లు వాడాక

మా బ్రాయిలర్ షెడ్డులో నాలుగేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ ప్రోబయోటిక్ (పేగుకు మేలుచేసే సజీవ బ్యాక్టీరియా) వాడుతున్నాను. కొన్న కొత్తలో నా ధ్యాసంతా బరువు మీదే ఉండేది. ఇప్పుడు షెడ్డులోకి వెళ్లగానే ముందు చూసేది లిట్టర్, అంటే కోళ్ల కింద నేల మీద పరిచే పొట్టు.

మొదటి రెండు బ్యాచ్‌లలో ఏ తేడా కనబడలేదు. మానేద్దామనుకుంటుండగా అసలు సంగతి తెలిసింది. క్లోరిన్ వేసిన ట్యాంకులోనే ప్రోబయోటిక్ పొడి కలిపేవాణ్ని. రోగక్రిములను చంపే క్లోరిన్ ఆ పొడిలోని లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాను మాత్రం వదిలిపెడుతుందా? అప్పటి నుంచి క్లోరిన్ లేని నీళ్లలో, కొన్ని గంటల్లో తాగేసేంతే కలుపుతున్నాను.

ఇంకో పాఠం, ఎప్పుడు ఇవ్వాలన్నది. తల్లికోడి దగ్గర పెరిగే పిల్లకు తల్లి రెట్టల ద్వారా మంచి సూక్ష్మజీవులు అందుతాయి. హ్యాచరీ పిల్లకు ఆ దారి లేదు. పేగులో ఖాళీ ఉంటే ముందు ఎవరు చేరితే చోటు వాళ్లదే. 1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నూర్మి, రంటాలా పెద్ద కోళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులను పిల్లలకు ఇచ్చి సాల్మొనెల్లా అనే రోగక్రిమిని అడ్డుకోవచ్చని చూపించారు. అది చదివాక, పిల్లలు దిగిన రోజు మొదటి నీళ్లలోనే ఇవ్వడం మొదలుపెట్టాను.

అప్పుడు కనబడింది తేడా. రెట్ట గట్టిపడింది, లిట్టర్ పొడిగా ఉంటోంది, కళ్లు మండించే అమ్మోనియా వాసన తగ్గింది. తడి వల్ల అరికాళ్లకు వచ్చే పుండ్లు కూడా తగ్గాయి. నాకు ఇదే పెద్ద లాభం. బరువు మాత్రం కొద్దిగానే పెరిగింది, అదీ అన్ని బ్యాచ్‌లలో కాదు. షెడ్డు శుభ్రంగా, పిల్లలు హుషారుగా ఉన్న బ్యాచ్‌లలో తేడా దాదాపు లేదు.

ఇది మందు కాదు. ఒక బ్యాచ్‌కి కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు వస్తే డాక్టరు మందుతోనే తగ్గింది. యాంటీబయాటిక్ కోర్సు నడిచేటప్పుడు లాక్టోబాసిల్లస్ ఇస్తే అదీ చచ్చిపోవచ్చు, అందుకే కోర్సు అయ్యాక మళ్లీ మొదలుపెడతాను. పెల్లెట్ (గుళికల) దాణాలో అయితే బాసిల్లస్ అనే మరో బ్యాక్టీరియా రకమే నయం, దాని స్పోర్లు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపం) తయారీ వేడిని తట్టుకుంటాయి.

ఒకసారి కొన్న ప్యాకెట్ మీద ఏ బ్యాక్టీరియానో, గ్రాముకు ఎన్ని సజీవ కణాలో ఏమీ లేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ రెండూ, గడువు తేదీ కనబడకపోతే ఇప్పుడు కొనను. రాబోయే బ్యాచ్‌కి మొదటి వారం నీళ్లలో లాక్టోబాసిల్లస్, ఆ తర్వాత దాణాలో బాసిల్లస్ పెట్టి చూడబోతున్నాను.