మధ్య లేన్ వదిలించిన రెండు గంటలు: ఒక మోటార్‌వే శిక్షణపై సమీక్ష

బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్ష నెగ్గిన ఏడు నెలల తర్వాత కూడా నాకు మోటార్‌వే (ఇక్కడి ఎక్స్‌ప్రెస్‌వే) అంటే మధ్య లేన్ ఒక్కటే. మోటార్‌వేలోకి చేర్చే పక్కదారి అయిన స్లిప్ రోడ్డు దాటి లోపలికి రాగానే అందులోకి చేరుకునేదాన్ని, దిగవలసిన జంక్షన్ మైలు దూరంలో ఉందన్న బోర్డు కనిపించేదాకా అక్కడి నుంచి కదిలేదాన్ని కాదు. ఎడమ లేన్ ఎంత ఖాళీగా ఉన్నా, వెనక నుంచి వచ్చిన కార్లు నా కుడివైపు నుంచి చుట్టి వచ్చి మళ్లీ ఎడమకు చేరుతున్నా, గంటకు 60 మైళ్ల వేగంతో ఎవరి జోలికీ పోకుండా జాగ్రత్తగా నడుపుతున్నాననే అనుకున్నాను. అది జాగ్రత్త కాదని, భయమని, ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది వెనక వచ్చేవారని నాకు తెలియజెప్పింది ఒక డ్రైవింగ్ స్కూల్ నడిపే రెండు గంటల మోటార్‌వే శిక్షణ. దానికి నేను 95 పౌండ్లు చెల్లించాను.

ఇలాంటి శిక్షణ ఎందుకు అవసరమవుతుందో ముందుగా చెప్పాలి. ఇక్కడి డ్రైవింగ్ పరీక్షలో మోటార్‌వే భాగం కాదు. 2018 జూన్ 4 నుంచి, రెండు జతల పెడల్స్ ఉన్న కారులో, గుర్తింపు పొందిన శిక్షకుల తోడుతో నేర్చుకునేవారిని కూడా మోటార్‌వే మీదికి అనుమతిస్తున్నారు గానీ అది తప్పనిసరి కాదు కాబట్టి, నాలాగా ఒక్కసారి కూడా అటు వెళ్లకుండానే లైసెన్స్ చేతికి తెచ్చుకునేవారు ఉంటారు. పైగా మన జాతీయ రహదారులపై కారు నడిపి వచ్చినవారికి ఎడమ లేన్ అంటే ఆగిపోయిన లారీలు, ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనాలు గుర్తుకొస్తాయి. అక్కడ దానికి దూరంగా ఉండడమే మంచిదని చేతులకు అలవాటైపోతుంది. ఆ అలవాటే ఇక్కడ తప్పవుతుంది.

శిక్షకురాలు మొదటి పావుగంట కారు కదిలించనివ్వలేదు. బ్రిటన్ రహదారి నియమాల పుస్తకమైన హైవే కోడ్‌లోని 264వ నియమాన్ని ముందుంచి, ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు తప్ప ఎడమ లేన్‌లోనే ఉండాలన్న మాటను నా చేతనే చదివించారు. స్లో లేన్, ఫాస్ట్ లేన్ అనే మాటలను ఆవిడ ఒప్పుకోలేదు. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని మాత్రమే లెక్కపెట్టించారు. ఎడమ లేన్ మెల్లగా పోయేవారిది అన్న భావన ఉన్నంతకాలం ఎవరూ ఇష్టంగా అందులోకి వెళ్లరన్నది ఆవిడ వాదన, అది నిజమేనని నాకు అనిపించింది. 2013 ఆగస్టు 16 నుంచి మధ్య లేన్ పట్టుకుని కదలనివారికి పోలీసులు అక్కడికక్కడే 100 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద తప్పులుగా నమోదయ్యే 3 పెనాల్టీ పాయింట్లు వేయవచ్చు. పరీక్ష నెగ్గిన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు చేరితే లైసెన్స్ రద్దవుతుంది. అంటే నాలాంటి కొత్తవారు రెండుసార్లు దొరికితే మళ్లీ మొదటి నుంచి పరీక్షలు రాయవలసిందే.

అయితే నన్ను మార్చింది జరిమానా కాదు, ఆవిడ కాగితం మీద గీసి చూపిన ఒక బొమ్మ. మధ్య లేన్‌లో అనవసరంగా నిలిచిన ఒక కారును, ఎడమ లేన్‌లో నియమం ప్రకారం వస్తున్న మరో కారు దాటాలంటే రెండు లేన్లు కుడికి మారి, మళ్లీ రెండు లేన్లు ఎడమకు రావాలి. ఒకరి బద్ధకానికి ఇంకొకరు నాలుగు సార్లు ప్రమాదాన్ని తలకెత్తుకోవాలి. లారీల సంగతి ఇంకా కష్టం. మూడు లేదా అంతకు మించి లేన్లున్న మోటార్‌వేలో 7.5 టన్నులు దాటిన సరకు లారీలూ, ట్రైలర్ లాగే వాహనాలూ కుడి చివరి లేన్‌లోకి రాకూడదు. కాబట్టి గంటకు 50 మైళ్లతో మధ్య లేన్‌లో పోయే కారు ఆ లారీకి గోడ అవుతుంది. కుడికి పోవడానికి చట్టం ఒప్పుకోదు, వాహనాలు వరుసకట్టి నెమ్మదిగా సాగుతున్నప్పుడు తప్ప ఎడమ నుంచి దాటవద్దని 268వ నియమం చెబుతుంది. వర్షంలో ఒక్కోసారి నేను 50కి తగ్గించి అదే లేన్‌లో పోయిన రోజులు గుర్తుకొచ్చి నిజంగా సిగ్గుపడ్డాను.

తర్వాత హై వికమ్ దగ్గర ఎం 40 మోటార్‌వే ఎక్కి ఆక్స్‌ఫర్డ్ వైపు వెళ్లాం. ఈ భాగమే శిక్షణకు ప్రాణం. మధ్య లేన్ వదలకపోవడానికి అసలు కారణం ఎడమకు వెళ్తే తిరిగి బయటికి రాలేమేమోనన్న భయమని ఆవిడ పది నిమిషాల్లో పట్టుకున్నారు. ఎడమ లేన్‌లో రెండు లారీల మధ్య 300 మీటర్ల ఖాళీ నాకు ఇరుకుగా కనిపించేది. కానీ ఆ లారీలు కూడా ముందుకే కదులుతున్నాయి. వాటి వేగం స్పీడ్ లిమిటర్ వల్ల 56 మైళ్లు, నాది 70 మైళ్లు అనుకుంటే, నేను ముందున్న లారీకి దగ్గరయ్యేది సెకనుకు 6 మీటర్ల చొప్పున మాత్రమే. ముందూ వెనకా రెండు సెకన్ల దూరం వదిలినా, ఆ ఖాళీలో దాదాపు అర నిమిషం ఎడమ లేన్‌లో హాయిగా నడపవచ్చు. ఈ లెక్క ఆవిడ నోటితో చెప్పి ఊరుకోలేదు, నా చేత సెకన్లు పైకి లెక్కపెట్టించారు. పది సెకన్లకు మించి ఉండగలిగే చోటు కనిపిస్తే ఎడమకు వెళ్లాలన్నది ఆవిడ పెట్టుకున్న కొలత.

తిరిగి వెళ్లే పద్ధతి కూడా అంతే స్పష్టంగా నేర్పారు. దాటిన వాహనం ముందు భాగమంతా, రెండు హెడ్‌లైట్లతో సహా, లోపలి అద్దంలో కనిపించాలి. అప్పుడు ఎడమ అద్దం, ఇండికేటర్, భుజం మీదుగా ఒక చూపు, ఆపైన వేగం తగ్గించకుండా మెల్లగా జరగడం. నేను ప్రతిసారీ లేన్ మారేముందు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేదాన్ని. దానివల్లే వెనకవారు నా మీదికి వచ్చినట్టు కనిపించి భయం రెట్టింపు అయ్యేదని అప్పటిదాకా నాకు తట్టనేలేదు. ఎడమ లేన్‌లో ఉంటే స్లిప్ రోడ్డు మీద నుంచి వచ్చేవారితో ఇబ్బంది కదా అన్న నా సందేహానికి ఆవిడ జంక్షన్ల దగ్గరే జవాబు చూపారు. వచ్చే వాహనాలను దూరం నుంచే గమనించి, మధ్య లేన్ ఖాళీగా ఉంటే కాసేపు అటు జరిగి వారికి చోటివ్వవచ్చు. జంక్షన్ దాటాక తిరిగి రావడమే మరచిపోకూడదు.

తిరుగు ప్రయాణంలో, చిల్టర్న్ కొండల సుద్దరాతిని చీల్చి దారి వేసిన చోట, 6వ జంక్షన్ నుంచి 5వ జంక్షన్ వైపు ఎక్కుతున్నప్పుడు బరువైన లారీలు నెమ్మదించాయి. ఒకదాని వెనక ఒకటిగా ఐదు లారీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నేను ఉత్సాహంగా ప్రతి సందులోకీ దూరబోతే ఆవిడ ఆపారు. అక్కడ వరుసంతా దాటేదాకా మధ్య లేన్‌లో ఉండడమే సరైనది, పాము మెలికల్లా లోపలికీ బయటికీ తిరగడం నియమం కోరేది కాదు. మధ్య లేన్ ఉన్నది ఇందుకేనని నాకు తెలిసింది ఆ కొండ మీదే.

లోపాలు లేకపోలేదు. బుకింగ్ చేసినవారు నా అవసరమేమిటో అడగకుండా శుక్రవారం సాయంత్రం 4 గంటల సమయం ఇచ్చారు. లండన్ నుంచి బయటికి వచ్చే వాహనాలన్నీ అప్పుడే ఆ దారి పట్టడంతో, వెళ్లేటప్పుడు దాదాపు అరగంట లేన్ మారే ప్రసక్తే లేని రద్దీలో గడిచిపోయింది. దీని గురించి రాస్తే తొమ్మిది రోజుల తర్వాత రెండు వాక్యాల క్షమాపణ వచ్చింది, పోయిన సమయానికి పరిహారం మాత్రం లేదు. ఎలక్ట్రానిక్ బోర్డులతో లేన్లను తెరిచి మూసే స్మార్ట్ మోటార్‌వేలలో మూసిన లేన్ మీద వెలిగే ఎర్ర గుణకారపు గుర్తును బొమ్మల్లోనే చూపారు, దాన్ని పట్టించుకోకపోయినా 100 పౌండ్లూ 3 పాయింట్లే కాబట్టి అలాంటి దారి మీద కొంత దూరమైనా తీసుకువెళ్లి ఉండవలసింది. లైసెన్స్ ఉన్నా నా సొంత కారు వద్దన్నారు. వారి కారు అద్దాలకు అలవాటు పడేసరికి కొంత సమయం పోయింది, మా కారులో దూరాలన్నీ మళ్లీ కొత్తగా అంచనా వేసుకోవలసి వచ్చింది.

అయినా పరీక్ష నెగ్గి మోటార్‌వే ఎక్కడానికి జంకేవారికీ, నాలాగా ఎక్కి మధ్యలో అతుక్కుపోయినవారికీ ఈ శిక్షణను మనస్ఫూర్తిగా సూచిస్తాను. వారం మధ్యలో ఉదయం 10 గంటల తర్వాతి సమయం అడిగి తీసుకోండి. ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ బుకింగ్ విభాగానికే.

రెండు వారాల తర్వాత, ఊరి నుంచి వచ్చిన నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో వెళ్లాను. మూడోసారి ఎడమకు జరుగుతుంటే ఆయన, “ఎందుకమ్మా అటూ ఇటూ మారడం, తిన్నగా ఒకే వరుసలో పోరాదూ?” అన్నారు. దాటిన లారీ రెండు హెడ్‌లైట్లూ అద్దంలో కనిపించి, కారు పూర్తిగా ఎడమ లేన్‌లో కుదురుకున్నాకే ఆయనకు జవాబు చెప్పాను. రాత్రివేళ శిక్షణ కోసం వచ్చే నెలకు మళ్లీ ఆవిడ దగ్గరే సమయం తీసుకున్నాను.