ఫిట్టింగా, ఫేజరా: ఫ్లోరోసెన్స్ లైఫ్‌టైమ్‌కు ఏది మేలు?

తిరుపతిలో ఐసర్ అయినా ఎస్వీ యూనివర్సిటీ అయినా, ఫ్లిమ్ డేటా మొదటిసారి చేతికొచ్చినవాళ్ల టెన్షన్ ఇదే. ఫ్లిమ్ అంటే కాంతి తగిలిన అణువు సగటున ఎంతసేపటికి వెలుగు వదులుతుందో (అదే దాని లైఫ్‌టైమ్) పిక్సెల్ పిక్సెల్‌కు కొలిచే మైక్రోస్కోపీ.

ఫిట్టింగ్ అంటే పిక్సెల్‌లో ఫోటాన్లు తగ్గే తీరుకు ఎక్స్‌పొనెన్షియల్ గీతను సరిపెట్టడం. నానోసెకన్లలో అంకె నేరుగా వస్తుంది, బాగుంది. కానీ ఎన్ని లైఫ్‌టైమ్‌లు ఉన్నాయో ముందే మీరే చెప్పాలి, ఐఆర్‌ఎఫ్ (పరికరం సొంత స్పందన తీరు) సరిగ్గా కొలవాలి, రెండు లైఫ్‌టైమ్‌లు విడదీయాలంటే పిక్సెల్‌కు వంద ఫోటాన్లు ఏ మూలకూ చాలవు, చుట్టుపక్కల పిక్సెల్స్ కలుపుకోవాల్సిందే. ఫోటాన్లు తక్కువైతే లీస్ట్ స్క్వేర్స్ (తేడాల వర్గాల మొత్తాన్ని తగ్గించే పద్ధతి) వదిలేసి మాక్సిమమ్ లైక్లీహుడ్ (వచ్చిన ఫోటాన్లకు ఎక్కువ సంభావ్యత ఉన్న గీతను ఎంచే పద్ధతి) పట్టుకోండి.

ఫేజర్‌కు ఏ మోడలూ అక్కర్లేదు. ఫోరియర్ లెక్కతో (సిగ్నల్‌ను సైన్, కొసైన్ తరంగాలతో పోల్చే లెక్క) ఒక్కో పిక్సెల్ ఫేజర్ గ్రాఫ్ మీద ఒక్కో చుక్క అవుతుంది. లైఫ్‌టైమ్ ఒక్కటే అయితే చుక్క ఆ గ్రాఫ్‌లో గీసిన అర్ధవృత్తం మీద పడుతుంది, రెండు కలిస్తే వాటిని కలిపే సరళరేఖ మీద, వృత్తం లోపల. ఎన్‌ఏడీహెచ్ (సెల్ శక్తి తయారీలో పనిచేసే, తనంతట తానే వెలిగే అణువు) విడిగా ఉంటే సుమారు 0.4 నానోసెకన్లు, ప్రోటీన్‌కు అతుక్కుంటే అంతకు ఎన్నో రెట్లు; అందుకే చుక్కల గుంపు ఎటు జరిగిందో చూస్తే సెల్ మెటబాలిజం మార్పు కంటికి కనిపిస్తుంది. అయితే లైఫ్‌టైమ్ తెలిసిన ఫ్లోరెసిన్ లాంటి డైతో కాలిబ్రేషన్ తప్పదు. గదిలో లైటు వెలుగు దూరినా చుక్కలు గ్రాఫ్ మూలబిందువు (0, 0) వైపు జారిపోతాయి, చూసుకోండి.

నన్నడిగితే ముందు ఫేజర్ వేసి గుంపులు గుర్తించండి, తర్వాత ఒక్కో గుంపులోని ఫోటాన్లన్నీ కలిపి ఒకే కర్వ్‌గా ఫిట్ చేయండి.