మల్టిపుల్ స్క్లెరోసిస్: నేల మీద వ్యాయామమా, నీటిలోనా?

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. వ్యాయామంలో పనిచేసే కండరాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్, వాపును అణచే మరో ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-10ను పెంచుతుంది. ఇది నేల మీద నడిచినా నీటిలో నడిచినా జరిగేదే కాబట్టి, నిరోధక వ్యవస్థ పేరు చెప్పి ఈతకొలనులో వ్యాయామాన్నే గొప్ప చేయడం సబబుగా తోచదు.

అసలు తేడా వేడి దగ్గర ఉంది. నేల మీద వ్యాయామంతో ఒళ్లు వేడెక్కగానే కొందరికి చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లో వర్ణించిన ఈ ఇబ్బంది ఒళ్లు చల్లబడితే తగ్గిపోతుంది, దానివల్ల నరాలు కొత్తగా దెబ్బతినవు. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కనుక, 27–29 డిగ్రీల సెల్సియస్ కొలనులో అలాంటివారు ఎక్కువసేపు కొనసాగించగలరు (బాగా వెచ్చబెట్టిన కొలను మాత్రం వారికి పనికిరాదు). ఛాతీ లోతు నీటిలో పాదాల మీద పడే బరువు దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. అయితే ఎముకలకు కావలసిన భారం, మెట్లెక్కే అలవాటు నేల మీదే దక్కుతాయి.