కార్యవర్గంలో కుర్చీయా, వాలంటీర్ పనా?

వరంగల్, హనుమకొండ కాలేజీల్లో సామాజిక న్యాయం కోసం పనిచేసే సంస్థలో చేరాలనుకునే విద్యార్థికి రెండు దారులున్నాయి.

వాలంటీరుగా చేస్తే ఫలితం వెంటనే కనిపిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆగిపోయిన అమ్మాయికి అర్జీ రాసిపెట్టడం, ఆమె వెంట ఆఫీసుకు వెళ్లడం లాంటివన్నమాట. పరీక్షలప్పుడు కొన్నాళ్లు రాకపోయినా ఎవరూ తప్పుపట్టరు.

కార్యవర్గం అలా కాదు. 2001 సొసైటీల చట్టం కింద సంస్థ రిజిస్టర్ కావాలంటే కనీసం 7 మంది కావాలి. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కలు, రిజిస్ట్రారుకు కార్యవర్గం జాబితా. విరాళానికి రసీదు ఇచ్చారా, ఫ్లెక్సీ బిల్లు మీద తేదీ ఉందా అని అడగాల్సింది కార్యవర్గ సభ్యులే. సమావేశం నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టాక జవాబుదారీ కూడా వాళ్లే. టెన్షన్ ఉంటుంది, నిజమే. కానీ ఉన్న డబ్బు హాస్టల్ పిల్లల పుస్తకాలకా, సభకా అన్నది తేలేది అక్కడే. ఆ గదిలో హాస్టల్ పిల్లలు లేకపోతే వాళ్ల సంగతి వేరేవాళ్లు తేలుస్తారు.

అందుకే నేను కార్యవర్గం వైపే, ముఖ్యంగా ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చి చదువుకుంటున్న మొదటి తరం పిల్లల విషయంలో. ముందు ఒక ఏడాది వాలంటీరుగా చేసి వెళ్తే ఇంకా మంచిది. ఓటు, లెక్కలు చూసే హక్కు ఇవ్వకుండా ఫొటో కోసం పిలిస్తే మాత్రం ఒప్పుకోవద్దు. ఫైనలియర్ వాళ్లు వెళ్లేముందే బ్యాంకులో సంతకాలు మార్పించి, పుస్తకాలు జూనియర్లకు అప్పజెప్పాలి.